డీఏపీ, సున్నం, నా ముక్కు

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే మా బంధువుల్లో ఎవరూ నమ్మడం లేదు. ఏదో గొడవ చేసి ఉంటాడని బాబాయిలు, ప్రేమ వ్యవహారమని పిన్నులు తేల్చేశారు. నిజానికి రిటైరైంది నేను కాదు, నా ముక్కు. ఆ ఉద్యోగానికి ముక్కే ముఖ్యం కాబట్టి, దాని వెనకాల నేనూ వచ్చేయాల్సి వచ్చింది.

నా స్థానంలో సింధు అనే అమ్మాయి చేరుతోంది. ఆమె కోసం, ఆమెలాగే కెమిస్ట్రీ చదివి ఎరువుల రంగంలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. ప్రమోషన్ రావాలంటే కింద ఇంకొకరు ఉండాలి. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది నేనూ, ఒక రేకు పెట్టే.

ఉద్యోగం ఏమిటంటే

మా యజమాని వీరయ్య గారు అద్దంకిలో ఎరువుల హోల్‌సేల్ వ్యాపారి. చుట్టుపక్కల పల్లెల్లోని కొట్లకి ఆయన గోడౌన్ నుంచే బస్తాలు వెళ్తాయి. ప్రతి సీజన్‌లోనూ ఏదో ఒక ఊళ్ళో "డీఏపీ దొంగదంట" అని పుకారు లేస్తుంది. మిరప నారు వాడిపోతే ఎరువు దొంగది. పత్తికి పూత రాలితే ఎరువు దొంగది. ఒక ఊళ్ళో గేదె పాలివ్వకపోయినా ఎరువు దొంగదన్నారు. గేదె ఎరువు తినదని ఆయన వాదించారు గానీ ఎవరూ వినలేదు.

అందుకని ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇంటర్వ్యూలో నాకు చెప్పారు.

"రైతు నా మాట వినడు. నేను అమ్ముకునేవాణ్ణి. నీ మాట అసలే వినడు, నీ చొక్కా ఇస్త్రీ చేసుంది. వాళ్ళ పిల్లల మాట వింటాడు. ఎందుకో తెలుసా?"

"ప్రేమ సార్."

"కాదయ్యా. పిల్లలు పొద్దస్తమానం పోరు పెడతారు. ఆ పోరు పడలేక వింటాడు. కాబట్టి నువ్వు బళ్ళకి వెళ్ళి పిల్లలకి ఎరువుల పరీక్షలు నేర్పు. సరే, క్లాసులో ఒకడు నిద్రపోతున్నాడనుకో, ఏం చేస్తావు?"

"లేపుతాను సార్."

"లేపకు. వాడి అరచేతిలో కాస్త యూరియా పోసి, మీద నీళ్ళు చల్లు. వాడే లేస్తాడు."

ఇది నిజం. యూరియా నీళ్ళలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చెయ్యి ఐసుముక్క పట్టుకున్నట్టు చల్లబడుతుంది. పుస్తకంలో దీనికి ఉష్ణగ్రాహక చర్య అని పేరు. పిల్లలు ఆ పేరు పరీక్ష దాకా గుర్తుపెట్టుకుంటారు. చల్లదనాన్ని మాత్రం ఎప్పటికీ మరిచిపోరు.

వీరయ్య గారి మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆయనకి కెమిస్ట్రీ రాదు, పాఠం చెప్పడం వచ్చు. నాకు అప్పట్లో కెమిస్ట్రీ ఒక్కటే వచ్చు.

పెట్టెలో ఉన్నవి

సింధుకి అప్పగించిన రేకు పెట్టెలో ఇవి ఉంటాయి.

యూరియా: పైన చెప్పిన చల్లదనానికి. గరిటెలో వేసి వేడి చేస్తే పూర్తిగా కరిగిపోవాలి, అడుగున ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే ఏదో కలిసిందని అనుమానించాలి.

ఎర్ర పొటాష్: నీళ్ళలో వేస్తే చాలావరకు కరిగి, ఎర్రరంగు మాత్రం పైన తేలుతుంది. ఉప్పగా ఉంటుంది. ఆ సంగతి పిల్లలకి మాటతోనే చెప్పాలి. వీరయ్య గారు మాత్రం నాకి చూస్తారు. వద్దంటే, "మా నాన్న కూడా ఇలా నాకి చూసే వ్యాపారం చేశాడు" అంటారు.

డీఏపీ, తాంబూలం సున్నం: గుళికలు కొన్ని అరచేతిలో వేసి, తడి సున్నం కలిపి నలపాలి. ముక్కు పగిలే ఘాటు వస్తుంది. అది అమోనియా. డీఏపీలో అమ్మోనియం ఉంటుంది, సున్నం దాన్ని అమోనియా వాయువుగా బయటికి తరిమేస్తుంది. ఏ బడిలో అడిగినా పిల్లలు ఆ వాసన పేరు ఒక్కటే చెబుతారు: "బస్టాండు వెనక గోడ, సార్!" శాస్త్రపరంగా అది చాలా మంచి జవాబు. అయితే ఈ ఘాటు అమ్మోనియం ఉందని మాత్రమే చెబుతుంది. ఇంకో రకం కాంప్లెక్స్ ఎరువైనా అలాగే ఘాటెక్కొచ్చు. పూర్తి తీర్పు ల్యాబ్‌దే. అందుకే ప్రతి బళ్ళోనూ చివర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి: ఒక్క పరీక్ష చాలదు.

జిప్సం: దీని సంగతి వేరుగా చెప్పాలి.

సుద్దముక్కలు

పుస్తకంలో ఉన్న పదార్థాలు ఇంట్లోనూ పొలంలోనూ ఎక్కడున్నాయో చూపిస్తే పిల్లల కళ్ళు వెలుగుతాయి. నేను కనిపెట్టిన మొదటి రహస్యం అదే. కనిగిరి వైపు ఒక హైస్కూల్లో మంచి ఊపు మీద చెప్పాను.

"విరిగిన చేతికి వేసే కట్టు, గోడకి పెట్టే పూత, మీ మాస్టారు బోర్డు మీద రాసే సుద్దముక్క, చౌడు నేలకి వేసే జిప్సం. ఇవన్నీ ఒకే కుటుంబం. కాల్షియం సల్ఫేట్. నీళ్ళు ఎంత పట్టుకుందన్నదే తేడా. జిప్సం వేస్తే చౌడు నేల బాగుపడుతుంది."

చెప్పి వచ్చేశాను. మర్నాడు హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

"ఏమండీ, మా పిల్లలకి ఏం చెప్పారు?"

"కాల్షియం సల్ఫేట్ గురించి చెప్పానండి."

"బళ్ళో ఒక్క సుద్దముక్క లేదండి. అన్నీ దంచి, బడి తోటలో వంకాయ మొక్కలకి వేశారు. అడిగితే, మా నేల చౌడు సార్, కుటుంబం ఒకటే సార్ అంటున్నారు. బోర్డు మీద ఇప్పుడు నేను దేంతో రాయాలి? వంకాయతోనా?"

పక్కన నిలబడి విన్న వీరయ్య గారు నవ్వలేదు. వెంటనే ఒక సుద్దల పెట్టె పంపించి, నాతో ఒకే మాట అన్నారు: "చూశావా, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఇంత బాగా వినేవాళ్ళు నీకు ఇంకెక్కడ దొరుకుతారు? జాగ్రత్తగా చెప్పు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. పిల్లలు మన మాటని తూచా తప్పకుండా పాటిస్తారు. దానివల్ల నా నెత్తి మీదకి ఒకసారి సుద్దముక్కలొచ్చాయి. ఇంకోసారి అదే నన్ను కాపాడింది.

ముక్కు ముందే చెప్పింది

ఏళ్ళ తరబడి రోజూ బడిబడికీ డీఏపీ, సున్నం నలిపి గట్టిగా పీల్చి చూపించాను. ముక్కుకి దూరంగా పట్టుకుని చేత్తో గాలిని ఇటు తోసుకోవాలని పిల్లలకి చెప్పేవాణ్ణి. నేను మాత్రం నాటకీయంగా ఉంటుందని అరచేతిలో ముఖం పెట్టేవాణ్ణి. అలా చేయకండి.

గుర్తులు కనిపించాయి. ఇంట్లో పాలు మాడి పొగలు కమ్మితే, పొగమంచు అనుకుని కిటికీ మూశాను. ఒకసారి వీరయ్య గారు చీరాల నుంచి ఎండుచేపల మూట తెచ్చి వ్యాన్‌లో నా ఒళ్ళో పెట్టారు. అద్దంకి దాకా ఎండలో, అద్దాలు బిగించి ప్రయాణం. నేను కిమ్మనలేదు. దిగాక ఆయన మా అమ్మకి ఫోన్ చేసి, "అబ్బాయిని ఎంత పద్ధతిగా పెంచారమ్మా, పెద్దల ముందు ముక్కు కూడా మూసుకోడు" అని మెచ్చుకున్నారు.

నేనూ అది నా సంస్కారమే అనుకున్నాను.

పొదిలి అవతల ఆ సాయంత్రం

పొదిలి దాటాక మెట్టపొలాల మధ్య ఒక ఊరు. అక్కడి బళ్ళో పొద్దున తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాను. తెల్లకాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టి, చీటీలుగా కత్తిరించాం. పసుపు చీటీ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సబ్బునీళ్ళు, చాకలిసోడా, సున్నం, అన్నిటిలోనూ ముంచారు. ముందు బెంచీలో కీర్తన అనే అమ్మాయి ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసింది. "సార్, ముంచకుండా ఎర్రబడుతుందా?" అని కూడా అడిగింది. అమోనియా లాంటి వాయువైతే తడి చీటీని గాల్లోంచే ఎర్రబరుస్తుందని చెప్పాను. నోట్సులో రాసుకుంది.

సాయంత్రం బడి ఆవరణలో ఊరివాళ్ళకి ప్రదర్శన. ఆ ఊళ్ళో ఎరువుల కొట్టు సుబ్బాయమ్మ గారిది. భర్త పోయాక ఆమే నడుపుతోంది. ఆ వారమే కోటయ్య అనే రైతు, ఆమె దగ్గర కొన్న డీఏపీ దొంగదని ఊరంతా చాటింపు వేశాడు. అతని మిరప నారు వేసినప్పుడెలా ఉందో అలాగే ఉందట. ఊళ్ళో సగం మంది బస్తాలు వెనక్కి ఇస్తామని కొట్టు ముందు నిలబడ్డారు. ఆమెకి సరుకు పంపింది వీరయ్య గారే కాబట్టి, వ్యాన్ నడుపుకుంటూ ఆయనా నాతో వచ్చారు.

"అబ్బాయ్, ఇవాళ సరిగ్గా చెయ్యి. ఈ మాట గనక నిలబడితే సుబ్బాయమ్మ కొట్టుకి తాళం పడుతుంది. ఆమెని నమ్మి బస్తా కొనేవాడు ఉండడు."

"ఉన్నది ఉన్నట్టు చెబుతాను సార్."

"అదే చెప్పు. మన బస్తా నాకు తెలుసు."

కోటయ్య తన బస్తాలోంచి గుప్పెడు గుళికలు తెచ్చి నా చేతిలో పోశాడు. సుబ్బాయమ్మ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏరా కోటయ్యా, సరుకు మంచిదని తేలిందంటే నా కొట్టు ముందుకొచ్చి ఊరందరి ముందు చెప్పాలి."

"చెబుతా వదినా. తేలకపోతే నువ్వు తాళం నాకియ్యి."

సున్నం వేశాను. నలిపాను. అరచేతిలో ముఖం పెట్టి పీల్చాను.

ఏమీ లేదు.

ఇంకాస్త సున్నం. ఇంకాస్త నీళ్ళు. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. నా కళ్ళలోంచి నీళ్ళు కారాయి. సుబ్బాయమ్మ గారి మీద జాలి వల్ల అనుకున్నాను. ముందు వరుసలో పిల్లలు ముక్కులు మూసుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. పిల్లల మనసు ఎంత మెత్తనిదో అనుకున్నాను.

పక్కన వీరయ్య గారు. ఎదురుగా సుబ్బాయమ్మ గారు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

"క్షమించాలి. ఇందులో అమ్మోనియం లేదు. ఇది డీఏపీ కాదు."

సుబ్బాయమ్మ చేతులు జారిపోయాయి. కోటయ్య మాత్రం తువ్వాలు గాల్లో తిప్పాడు.

"విన్నారా! నేను ముందే చెప్పానా లేదా!"

అప్పుడు కీర్తన లేచి, ముక్కు మూసుకున్న గొంతుతో అరిచింది. "సార్! కంపు కొడుతోంది సార్!"

"కూర్చో పిల్లా," అన్నాడు కోటయ్య కళ్ళు తుడుచుకుంటూ. "సారు లేదన్నాడు."

"మీకూ వస్తోందిగా మామయ్యా! కళ్ళు ఎర్రగా అయ్యాయి!"

"వస్తే రానీ. సారు ఎమ్మెస్సీ. నా ముక్కు అయిదో తరగతి దాకే చదివింది."

ఊరంతా దగ్గుతోంది. ఊరంతా తలలూపుతోంది. చదువుకున్నవాడు లేదన్నాక, వస్తున్న వాసన కూడా లేనట్టే. నా ఉద్యోగంలో నేను చూసిన అతి భయంకరమైన దృశ్యం ఇదే. చొక్కా ఇస్త్రీ చేసుకున్న వాడి ముక్కుని జనం తమ ముక్కు కన్నా ఎక్కువగా నమ్ముతారు.

పసుపు చీటీ

"సార్, ఒక్క పరీక్ష చాలదన్నారు," అంది కీర్తన. అంటూనే సంచీలోంచి పసుపు చీటీ తీసి, తడిపి, నా అరచేతి మీదుగా పట్టుకుంది. అందరూ చూస్తుండగానే చీటీ ఎర్రబడింది.

చీటీ ఎర్రబడిందంటే అమోనియా ఉంది. అమోనియా ఉంటే లేనిది నా ముక్కు.

కోటయ్య తగ్గలేదు. "దిష్టి నీళ్ళు ఎట్టా ఎర్రగా అవుతాయి? పసుపులో సున్నం కలిపితేనేగా? మా ఇంట్లో వారానికోసారి తీస్తాం. సారు చేతిలో సున్నం ఉంది. అది తగిలింది. అంతే!"

ఇది చాలా సరైన అభ్యంతరం. ఎవరైనా ల్యాబ్‌లో ఇలా ప్రశ్నిస్తే చప్పట్లు కొట్టాలి. ఆ సమయంలో నాకు చప్పట్లు కొట్టాలనిపించలేదు.

కీర్తన బుర్ర గోక్కుంది. తర్వాత రెండు గాజు గ్లాసులు తెమ్మంది. ఒకదాంట్లో సున్నం, నీళ్ళు. రెండోదాంట్లో సున్నం, నీళ్ళు, కోటయ్య గుళికలు. రెండు పెన్సిళ్ళకి రెండు తడి చీటీలు కట్టి, ఏదీ తగలకుండా గ్లాసు మూతుల్లో వేలాడదీసింది. ఊరు ఊరంతా ముందుకి వంగింది.

వట్టి సున్నం మీద చీటీ పసుప్పచ్చగానే ఉంది. గుళికలున్న గ్లాసులో చీటీ కొసనుంచి ఎర్రగా పాకింది.

"చూశారా మామయ్యా? తగల్లేదు. గాల్లోంచే ఎక్కింది."

కోటయ్య రెండు గ్లాసుల చుట్టూ తిరిగాడు. వంగి, చీటీకీ నీళ్ళకీ మధ్య తువ్వాలు కొస పెట్టి సందు ఉందో లేదో చూశాడు. కీర్తన ఆ ఎర్ర చీటీని తీసి గాల్లో ఊపింది. కాసేపటికి ఎరుపు తగ్గి, తగ్గి, మళ్ళీ పసుపు రంగు వచ్చింది.

"ఓరి! పోయిందే!"

అక్కడ నేను కలగజేసుకున్నాను. "అది వాయువు కోటయ్య గారూ. గాలికొచ్చింది, గాలికే పోయింది. సున్నం తగిలి ఉంటే ఎరుపు ఇంత తొందరగా పోదు." సుబ్బాయమ్మ ఇంకో చీటీ లాక్కుని సున్నంలో ముంచి కోటయ్య మొహం ముందు ఊపింది. ఎంత ఊపినా ఎర్రగానే ఉంది.

"ఇప్పుడేవంటావురా?"

"మరి నా నారు?"

"ఎరువు ఎట్టా వేశావో చెప్పు ముందు."

"పైన చల్లా."

"తడి ఉందా?"

కోటయ్య ఆకాశం వైపు చూశాడు. ఆ నెలంతా అందరూ అటే చూస్తున్నారు. డీఏపీలోని భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు, వేరు దగ్గరగా మట్టిలో పడాలి, తడి ఉండాలి, పొడినేల మీద చల్లితే చల్లినట్టే ఉంటుంది అని వివరించాను. మనిషిని పంపి చూస్తే, గుళికలు నేలమీద గుండ్రంగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

నా మాట నేనే అందరి ముందు కొట్టేశాను. "డీఏపీ కాదన్నది తప్పు. నా ముక్కు పనిచేయడం లేదు. అమ్మోనియం ఉంది. మిగతాది ల్యాబ్ చెబుతుంది." శాంపిల్ పంపాం. సరుకు సరైనదేనని వచ్చింది. కోటయ్య కొట్టు ముందు నిలబడి ఊరందరి ముందూ చెప్పాడు. చెప్పడమే కాదు, అప్పట్నుంచి జేబులో పసుపు చీటీలతో తిరుగుతున్నాడు. వాళ్ళ ఆవిడ పెట్టిన మజ్జిగ దగ్గర్నుంచి వాటర్ ట్యాంకు దాకా అన్నిటినీ పరీక్షిస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో వీరయ్య గారు అడిగారు. "అయితే ఆ రోజు ఎండుచేపలు?"

"తెలియలేదు సార్."

"మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాలి," అన్నారు.

గుంటూరులో ముక్కు డాక్టరు ఇంగువ, కాఫీ పొడి, ఇంకేవో సీసాలు పెట్టి చూశాడు. ఏం ఉద్యోగమని అడిగాడు. చెప్పాను. ఆయన పెన్ను మూసి పక్కన పెట్టాడు.

కొత్తగా చేరేవాళ్ళకి

మూడే మాటలు. ముఖం అరచేతిలో పెట్టకండి. తగిలిందేమో అని అడిగే కోటయ్యని కసురుకోకండి, మీ ప్రయోగాన్ని మెరుగుపరిచేది అతనే. మీరు చెప్పింది పిల్లలు కాదంటే, పిల్లల్ని కూర్చోబెట్టకండి. నాలుగోది కూడా ఉంది: సుద్దముక్కల గురించి మాట్లాడేటప్పుడు మోతాదు చెప్పండి.

వీడ్కోలు సుబ్బాయమ్మ గారు తన కొట్లోనే పెట్టారు. వేడి మిరపకాయ బజ్జీలు చేయించారు. కీర్తన ఒక పసుపు చీటీల కట్ట ఇచ్చి, ఒకదాన్ని తడిపి నా చొక్కా జేబుకి గుచ్చింది. "ఇది మీ ముక్కు సార్."

సుబ్బాయమ్మ పళ్ళెంలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తెచ్చింది. "ఎవరి కళ్ళు పడ్డాయో నాయనా నీ ముక్కు మీద. కూర్చో, దిష్టి తీస్తా."

"అమ్మా, ఇది ఇండికేటర్..."

"ఏదైతే ఏం? కదలకు."

మూడుసార్లు తిప్పి పళ్ళెం కింద పెట్టింది. అప్పుడు కోటయ్య, ఎంతో ఆప్యాయంగా, "గట్టి మోతాదు పడితే తెరుచుకుంటుందేమో సార్" అంటూ బస్తాలోంచి గుప్పెడు డీఏపీ తీసి ఆ సున్నం నీళ్ళలో పోసి కలిపేశాడు.

కొట్టు ఖాళీ అయింది. వీరయ్య గారు అందరికన్నా ముందు బయటపడ్డారు, చెప్పులు లోపలే ఉన్నాయి. వీధిలో ఒకటే దగ్గు. నేనొక్కణ్ణే కుర్చీలో మిగిలాను, బజ్జీల పళ్ళెం ఎదురుగా. కళ్ళు కారుతున్నాయి. ఈసారి జాలి అనుకోలేదు.

కిటికీ అవతల్నుంచి కోటయ్య అరిచాడు. "వచ్చిందా సార్?"

పీల్చి చూశాను. ఏమీ లేదు. జేబు వైపు చూశాను. చీటీ ఎర్రగా ఉంది.

కానీ దిష్టి నీళ్ళు చిందాయేమో. తగిలిందేమో. చీటీ తీసుకుని వెనక గుమ్మంలోకి వెళ్ళి గాల్లో ఊపుతూ నిలబడ్డాను. ఆ లోపు ఒక బజ్జీ తిన్నాను.

చీటీ మళ్ళీ పసుపైంది.

"వచ్చింది కోటయ్య గారూ!" అని అరిచాను.